నోరెత్తకుండా తాగిన కాఫీ

గురువారం పొద్దున పదింబావుకల్లా ఏవ్రిల్ హెప్‌వర్త్ వంటింటి బల్ల తుడిచేసింది. బిస్కెట్ల డబ్బా తీసి పెట్టింది. కెటిల్లో ఇద్దరికి సరిపడా నీళ్ళు పోసి, స్విచ్ మాత్రం వెయ్యకుండా కిటికీ దగ్గర నిలబడింది. స్విచ్ వేసేది మనిషి గడప దాటాకే. బార్న్స్‌లీలో ఆ వీధి వీధంతా అదే పద్ధతి. వచ్చినవాళ్ళు కోటు విప్పి తగిలించేలోపు నీళ్ళు మరగాలి, కుర్చీలో కూలబడేసరికి చేతిలో వేడి మగ్గు ఉండాలి. అంతకంటే ఒక్క నిమిషం ఆలస్యమైనా వాళ్ళకి మొహమాటం ముంచుకొచ్చేస్తుంది. "అయ్యో, నాకోసం ఇంత శ్రమ ఎందుకండీ" అంటూ మళ్ళీ కోటు తొడుక్కుని వెళ్ళిపోతారు.

ఈ రోజు రావాల్సింది పక్కింటి మ్యూరియల్. అయిదు వారాల కిందట ఆమె భర్త వాల్టర్ పోయాడు. అంత్యక్రియలు అయిన దగ్గర్నుంచి మ్యూరియల్ ఇల్లు కదల్లేదు, కర్టెన్లు తియ్యలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గోడకి గోడ ఆనించుకుని కాపురం చేస్తున్న మనిషి, అలా చీకట్లో కూర్చుంటే ఏవ్రిల్‌కి అన్నం ఎలా సహిస్తుంది? రోజూ వెళ్ళి తలుపు కొట్టింది. బతిమాలింది, కసిరింది. చివరికి నిన్న మ్యూరియల్ "సరే, పది నిమిషాలు, ఒక్క కప్పు కాఫీ, అంతే" అంది. ఏవ్రిల్ రాత్రంతా జలుబుతో ముక్కు దిబ్బడేసి నిద్రపోలేదు. అయినా పొద్దున్నే లేచి ఇల్లు సర్దుకుంది.

పదిన్నరకి తలుపు మెల్లిగా చప్పుడైంది.

"నాకోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యకు," అంది మ్యూరియల్ గుమ్మంలోనే.

"నీ మొహం! మగ్గులో పొడి వేసి నీళ్ళు పొయ్యడం కూడా ప్రత్యేకమేనా? రా, కూర్చో."

మనిషి సగమైపోయింది. స్వెటర్ గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంది, అది కూడా చూసుకోలేదు పాపం. ఏవ్రిల్ కళ్ళు ఆ గుండీల మీదే ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎప్పటి అలమర, ఎప్పటి ఇన్‌స్టంట్ కాఫీ సీసా. మ్యూరియల్ మగ్గులో రెండు చెంచాలు, తన మగ్గులో ఒకటి. నీళ్ళు, పాలు, చక్కెర. ఒకసారి తిప్పి బల్ల మీద పెట్టేసింది.

మ్యూరియల్ మగ్గు రెండు చేతులతోనూ పట్టుకుంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, మాట మొదలుపెట్టింది.

"వాల్టర్ చెప్పులు ఇంకా మెట్ల కిందే ఉన్నాయి ఏవ్రిల్. తీసేద్దామని రోజూ వెళ్తాను. వంగుతాను. అవి ఆయన పాదాలంత వెడల్పుకి సాగిపోయి ఉంటాయి కదా, వాటిని చూసి…"

ఒక గుక్క తాగింది. ఆగింది. కష్టపడి మింగింది.

"చూసి… మళ్ళీ…"

ఇంకో గుక్క. ఈసారి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని ఏవ్రిల్ ఆమె మోచెయ్యి నిమిరింది. "చెప్పు తల్లీ, చెప్పు," అంది. మ్యూరియల్ మాత్రం ఇంక చెప్పలేదు. నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే, వంచిన తల ఎత్తకుండానే, ఆ మగ్గు మొత్తం ఖాళీ చేసింది. "చాలా బాగుందమ్మా," అని గొణిగి, లేచి, కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు.

ఏవ్రిల్ బిత్తరపోయింది. నేనేమైనా అనకూడని మాట అన్నానా? చెయ్యి నిమరడం తప్పయిందా? అనుకుంటూ తన మగ్గు తీసి ఒక గుక్క మింగింది.

థూ!

నోటినిండా ఇసక. పళ్ళ సందుల్లో, నాలుక కింద, అంగిట్లో, అంతా నల్లటి పిప్పి. పరుగెత్తి సింకులో ఉమ్మేసి, కళ్ళజోడు పెట్టుకుని సీసా వెలుగులోకి ఎత్తి చూసింది. సీసా తనదే, పైన అంటించిన చీటీ తనదే. లోపలున్నది మాత్రం నీళ్ళలో కరిగే పొడి కాదు. గింజలు మరపట్టిన అసలు కాఫీ పొడి, వడకట్టి తాగాల్సింది. అప్పుడు మ్యూరియల్ మగ్గులోకి చూసింది. అడుగున ఒక అంగుళం మేర నల్లటి బురద. పైనున్నది ఒక్క చుక్క మిగల్చకుండా తాగేసింది, మహాతల్లి.

మొగుడు పోయి అయిదు వారాలు. మొదటిసారి గడప దాటి వచ్చింది. మొదటిసారి నోరు విప్పింది. ఆ నోట్లో పిప్పి కొట్టి పంపించేశారు! అసలు ఎవరికైనా ఒళ్ళు మండదా చెప్పండి? ఏవ్రిల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది ఎవరి పనో చెప్పడానికి దుర్భిణీ వేసి చూడక్కర్లేదు. ఈ ఇంటి తాళంచెవి ఇంకొకరి దగ్గరే ఉంది, కూతురు లియాన్ దగ్గర. నిన్న సాయంత్రం తను చర్చిలో పాటల సాధనకి వెళ్ళినప్పుడు వచ్చి ఉంటుంది.

ముందు మ్యూరియల్ ఇంటికి పరుగెత్తింది. తలుపు జానెడు తెరుచుకుంది. మ్యూరియల్ చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది, పెదవుల చివర ఇంకా నల్లగా ఉంది.

"మ్యూరియల్, నా బుద్ధి గడ్డి తిని… ఆ కాఫీ…"

"అయ్యో, ఏం లేదమ్మా. బాగుంది. కాస్త చిక్కగా ఉంది, అంతే."

"చిక్కగానా? నమిలావే దాన్ని!"

"బాగుంది ఏవ్రిల్. నిజంగా."

"వచ్చే గురువారం వస్తావుగా మరి?"

"చూద్దాం లే."

తలుపు మూసుకుంది. ఆ వీధిలో చూద్దాం లే అంటే రాను అని. ఏవ్రిల్ ఇంటికొచ్చి కూతురి కాఫీ షాపుకి ఫోన్ చేసింది. ఎవరో పిల్ల ఎత్తి, లియాన్ మిషన్ దగ్గర ఉందండీ, ఇప్పుడు కుదరదు, ఎవరు చేశారని చెప్పమంటారు అంది. "వాళ్ళమ్మ చేసిందని చెప్పు. సాయంత్రం షాపు మూసి తిన్నగా ఇంటికి రమ్మను," అని టక్కున పెట్టేసింది.

లియాన్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. ఊళ్ళో పెద్ద వీధిలో మూడేళ్ళ కిందట కాఫీ షాపు తెరిచింది. గింజలు తనే తెప్పించి, తనే వేయించి, తనే మరపడుతుంది. స్థానిక పేపర్లో ఫొటో కూడా వేశారు. నాలుగున్నరకి హుషారుగా ఈల వేసుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

"ఏంటమ్మా, ఫోన్ చేశావట? తాగావా? ఎలా ఉంది? ఇథియోపియా గింజలు తెలుసా, నేనే వేయించాను, మొన్న ఆదివారం!"

ఏవ్రిల్ మ్యూరియల్ మగ్గు తెచ్చి కూతురి ముందు పెట్టింది. లియాన్ లోపలికి తొంగి చూసింది.

"ఇదేంటి? నేరుగా నీళ్ళు పోసేశావా? పక్కనే గాజు కూజా పెట్టానుగా, పోయినసారి క్రిస్మస్‌కి ఇచ్చింది! అందులో నువ్వు గరిటెలు పెట్టుకుంటున్నావు, అవన్నీ తీసి కడిగి మరీ పెట్టాను. అందులో వేసి, పై మూత నొక్కి వంచుకోవాలమ్మా."

"ఇది నా మగ్గు కాదు. మ్యూరియల్‌ది."

"అయ్యయ్యో. అయితే ఆవిడ… మొత్తం తాగేసిందా?" లియాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "ఏమీ అనకుండానే?"

"నీకు నవ్వొస్తోందా?"

"కాదమ్మా, అంటే…"

"ఆ మనిషి అయిదు వారాల తర్వాత మొదటిసారి మాట్లాడిందే! మొగుడి చెప్పుల గురించి చెప్తోంది. సగంలో నోట్లో పిప్పి పడి ఆగిపోయింది. ఇంక రానంటోంది. నీకు మాత్రం కులుకు! నా ఇంట్లో, నా అలమర్లో, నా సీసాలో ఉన్నది పారబొయ్యడానికి నువ్వెవతివే?"

లియాన్ నవ్వు ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"అయితే నేను కూడా అడుగుతాను. ఆ సీసాలో ఉన్నది కాఫీ కాదమ్మా. కాఫీ అని పేరు పెట్టుకున్న బూడిద. ఊరు ఊరంతా నా దగ్గర లైన్లో నిలబడి తాగుతోంది. షాపు ఓనరు తల్లి మాత్రం ఇంట్లో కూర్చుని చెంచాతో బూడిద కలుపుకుంటుంది. నాకెంత తలవంపులో ఎప్పుడైనా ఆలోచించావా?"

"ఆ బూడిద తాగే నిన్ను పెంచాం!"

"అబ్బ, మళ్ళీ మొదలు…"

"మళ్ళీనా? ఎప్పుడు చెప్పనిచ్చావ్ నువ్వు? విను. మీ నాన్న గాజు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఇంటికొచ్చేది ఆరూ నలభైకి. నేను బడి వంటశాలకి బయల్దేరేది ఏడింటికి. ఇరవై నిమిషాలు. పధ్నాలుగేళ్ళు మా కాపురం ఆ ఇరవై నిమిషాల్లోనే జరిగింది. ఆ ఇరవై నిమిషాల్లో నేను గింజలు మరపట్టి, వడకట్టి, నురగ తీస్తూ ఆయనకి వీపు చూపించాలా? టీ కూడా పెట్టేవాళ్ళం కాదు, అది ఊరడానికి అయిదు నిమిషాలు పడుతుందని! పొడి వేసి నీళ్ళు పోస్తే అయిపోయింది, ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. కాలిన వేళ్ళు నాకు చూపించేవాడు, నువ్వు రాత్రి ఏం అల్లరి చేశావో నేను చెప్పేదాన్ని. కాఫీ ఎలా ఉందని మాలో ఎవ్వరూ, ఒక్కసారి కూడా, అడగలేదు. ఈ వీధిలో ఎవరింటికెళ్ళినా అంతే. తాగడానికి కాదే వచ్చేది, కూర్చోడానికి!"

లియాన్ తగ్గలేదు. తల్లి పోలికే కదా, ఎలా తగ్గుతుంది?

"సరే, కూర్చోడానికే. మరి నా షాపులో కుర్చీలు లేవా? మూడేళ్ళమ్మా! వీధి చివరి ముసలాయన వచ్చాడు. నా చిన్నప్పటి టీచర్ వచ్చింది. నువ్వు ఒక్కసారి వచ్చావా? కన్న కూతురు కష్టపడి పెట్టుకున్న షాపు గడప ఒక్కసారైనా తొక్కావా?"

"తొక్కాను," అంది ఏవ్రిల్.

"ఎప్పుడు?"

"పోయిన ఏడాది మార్చి ఇరవై రెండు. మీ నాన్న పుట్టినరోజు. ఆయన లేని ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక, నీ దగ్గర కాసేపు కూర్చుందామని వచ్చాను. నీలం కోటు వేసుకున్నాను, కొత్తది."

"నువ్వు రాలేదు. వస్తే నాకు తెలియదా?"

"లైన్లో నిలబడ్డాను. డబ్బులు తీసుకునే పిల్ల ఏం కావాలంది. పాలు పోసింది ఏదో ఒకటి ఇమ్మన్నాను. పేరు అడిగింది. ఏవ్రిల్ అన్నాను. కప్పు మీద రాసుకుంది. పక్కకి వెళ్ళి నిలబడమంది, నిలబడ్డాను. నువ్వు మిషన్ దగ్గర తల వంచుకుని ఉన్నావు. నా పేరున్న కప్పు తీసుకున్నావు. నురగ పోశావు, పైన ఆకు బొమ్మ వేశావు. కౌంటర్ మీద పెట్టి, 'ఏవ్రిల్!' అని అరిచావు."

లియాన్ తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది.

"కన్నతల్లిని పేరు పెట్టి పిలిచావు. తల ఎత్తలేదు. నేను ఎదురుగా, ఇదిగో ఇంత దూరంలో నిలబడి, 'థాంక్స్ తల్లీ' అన్నాను. నువ్వు అటు తిరిగిపోయి, 'మూతలు పక్కన ఉన్నాయండీ' అన్నావు."



"ఎందుకు… ఎందుకు పిలవలేదమ్మా నన్ను?"

"నా వెనక పదకొండు మంది ఉన్నారు. అందరికీ పనికెళ్ళే తొందర. అడ్డం నిలబడి నేను మీ అమ్మనని చెప్పుకోనా? మూత పెట్టుకుని బయటికి వచ్చేశాను. బస్ స్టాపులో కూర్చుని తాగాను."

లియాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది పాపం, "ఎలా ఉంది?" అనేసింది.

"బాగుంది," అంది ఏవ్రిల్. "అంత మంచి కాఫీ నేనెప్పుడూ తాగలేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఏవ్రిల్ కోసం ఇంత బాగా చేసిందే, ఒక్కసారి మొహం చూసి ఉంటే ఏం పోయేది అనుకున్నాను. మూడేళ్ళల్లో నా ఎదురుగా కూర్చుని ఒక్క కప్పు తాగావా నువ్వు? వస్తావు, నిలబడే మాట్లాడతావు, ఫ్రిజ్‌లో ఏదో పెట్టి పోతావు. ఇప్పుడు నేను లేనప్పుడు దొంగలా వచ్చి, నా సీసా మార్చి పోయావు!"

లియాన్ ఇంక అక్కడ నిలబడలేదు. కోటు కుర్చీ మీదే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. వీధి తలుపు దడాలున పడింది.

ఏవ్రిల్ కుర్చీలో కూలబడింది. కోపమంతా ఒక్కసారిగా దిగిపోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. అనేసింది. ఏడాదిన్నర కడుపులో దాచుకున్నదంతా వెళ్ళగక్కేసింది. ఉన్న ఒక్క పిల్లా చలిలో కోటు లేకుండా పోయింది. ఇంక రాకపోతే? ఫోన్ తియ్యకపోతే? నోరు మూసుకుని ఉండాల్సింది, మ్యూరియల్‌లాగా, అనుకుని కొంగు లేని లోటు చేతి గుడ్డతో తీర్చుకుని ఏడ్చింది.

ఆ ఇళ్ళ మధ్య గోడలు పల్చన. పక్కింటి తలుపు తెరుచుకోవడం వినపడింది. తర్వాత ఏవో మాటలు, లియాన్ గొంతు, మధ్యలో వెక్కిళ్ళు. ఏవ్రిల్ లేచి గోడకి చెవి ఆనించింది, సిగ్గుపడకుండా. కాసేపటికి అవతలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. మొదట అదేమిటో పోల్చుకోలేకపోయింది. మ్యూరియల్ నవ్వు. అయిదు వారాలుగా ఆ గోడ వినని నవ్వు.

వెనక తలుపు తోసుకుని ఇద్దరూ వచ్చారు. లియాన్ ముక్కు ఎర్రగా ఉంది. మ్యూరియల్ చంకలో ఒక సీసా ఉంది.

"ఏవ్రిల్, ఒక మాట చెప్పాలి నీకు," అంది మ్యూరియల్ కూర్చోకుండానే. "ఆ కాఫీ ఘోరంగా ఉంది. డెబ్భై రెండేళ్ళు వచ్చాయి నాకు, ఇంత దరిద్రమైనది నోట్లో పెట్టుకోలేదు. మధ్యాహ్నం దాకా పళ్ళు తోముకుంటూనే ఉన్నాను!"

"మరి ఎందుకు తాగావే, పిచ్చిదానా?"

"నువ్వు చేసిచ్చావు కదా! బాగోలేదని ఎలా అంటాను?"

"ఇప్పుడు అంటున్నావుగా!"

"ఈ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడి, నిజం చెప్పండి మ్యూరియల్ పిన్నీ, లేకపోతే కదలను అని ఏడుస్తుంటే ఏం చెయ్యను? చెప్పేశాను. చెప్పాక ప్రాణం తేలికపడింది." చంకలో సీసా బల్ల మీద పెట్టింది. "ఇదిగో, నా పొడి నేనే తెచ్చుకున్నాను. మీ ఇంట్లో ఇంక దేన్నీ నమ్మను."

ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏవ్రిల్‌కి మళ్ళీ ఏడుపొచ్చింది. లియాన్ కెటిల్ స్విచ్ వేసింది. ఊరందరికీ కొలిచి కొలిచి కాఫీ పోసే మనిషి, చెంచా పట్టుకుని "ఎన్ని వెయ్యాలి?" అని అడిగింది. "నీ ఇష్టం, దానికేం లెక్క ఉంటుందే," అంది ఏవ్రిల్. మూడు మగ్గులు క్షణంలో బల్ల మీదికి వచ్చేశాయి. మ్యూరియల్ వాల్టర్ గురించి చాలా సేపు చెప్పింది. కాఫీ ఎలా ఉందని ఎవరూ అడగలేదు. చీకటి పడుతుండగా లేచి, గురువారం పదిన్నరకి వస్తానని తనే చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళగానే లియాన్ అలవాటుగా లేచి మగ్గులు పోగేసింది. ఏవ్రిల్ చెయ్యి చాచి మణికట్టు పట్టుకుని ఆపింది. పట్టుకున్న చోట చర్మం గరుకుగా తగిలింది. దీపం కిందికి లాగి చూసింది. వేళ్ళ నుంచి మోచేతి దాకా కాలిన మచ్చలు. కొన్ని పాతవి, తెల్లగా. ఒకటి ఇంకా పచ్చిగా, ఎర్రగా ఉంది. బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి, ఆవిరి తగిలి కాలిన మచ్చ ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇవెప్పుడు కాలాయే?"

"ఏది ఎప్పుడో గుర్తులేదమ్మా. రోజూ ఏదో ఒకటి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వచ్చి చూస్తావనుకున్నాను."

ఆ మాట ఏవ్రిల్ గుండెల్లో సూటిగా దిగింది. కూతురు తల ఎత్తలేదని ఏడాదిన్నర రగిలిపోయింది గానీ, తను మాత్రం ఎత్తి చూసిందా ఈ చేతుల్ని? బస్ స్టాపులో కూర్చుని అలిగే బదులు లోపలికి తిరిగి వెళ్ళి, కౌంటర్ మీద దబదబా బాది, ఏమే, కళ్ళు నెత్తికెక్కాయా అని అడిగి ఉంటే పోయేది. పదకొండు మంది కాదు, నూట పదకొండు మంది ఉంటే మాత్రం ఏమిటి?

కాలిన గాయాల మందు తెచ్చి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్రగా ఉన్న చోట రాసింది. లియాన్ చిన్నపిల్లలా చెయ్యి అప్పగించి కూర్చుంది.

"రేపొస్తాను షాపుకి," అంది ఏవ్రిల్, మచ్చ మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ పిల్ల పేరడిగితే మాత్రం చెప్పను. చచ్చినా చెప్పను."

"చెప్పకపోతే కప్పు మీద ఏం రాస్తుందమ్మా? నేనేమని పిలవను?"

"అది నువ్వు చూసుకో."

లియాన్ తల్లి భుజం మీద మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో, వినపడీ వినపడనట్టు, "అమ్మా," అంది.

"ఆఁ. అదే," అంది ఏవ్రిల్. "కాస్త గట్టిగా పిలువు."